వాడరేవు దారిలో కారంచేడు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ - ఈ మూడు ఊళ్లకూ సముద్రం లేదు. అయినా ఇక్కడి బడిపిల్లలు, కాలేజీ విద్యార్థులు సముద్రం చూడాలనుకుంటే ముందుగా తట్టే పేర్లు రెండు: బాపట్ల దగ్గరి సూర్యలంక, చీరాల దగ్గరి వాడరేవు. తెల్లారక ముందే బస్సెక్కితే మధ్యాహ్నానికి ఇసుకలో కాలు పెట్టొచ్చు. అలలు, లైట్‌హౌసు, ఒడ్డుకు చేరిన పడవలు, చేపల కూర, ఫోటోలు. రాత్రికి తిరుగు ప్రయాణం. ఇందులో తప్పుపట్టేదేమీ లేదు. నాట్లేసి, కలుపు తీసి, హమాలీ చేసి బతికేవాళ్ల పిల్లలకు కూడా సముద్రం చూసే హక్కు ఉంది. మేం చెప్పదల్చుకున్నది వేరే. చీరాల నుంచి వాడరేవు ఎంత దూరమో, రెండో దిక్కున కారంచేడు కూడా దాదాపు అంతే దూరం. ఏడెనిమిది కిలోమీటర్లు. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు 1985 జూలై 17. మధ్యలో చీరాల పట్నం. మరి మనం ఒకవైపే చూసి ఎందుకు తిరిగొస్తున్నాం?

సముద్రానికీ మనకూ సంబంధం లేదనుకోవడం కూడా పొరపాటే. నిజాం రాజ్యానికి సొంత తీరం లేదు. 1802లో ఇంగ్లీషువాళ్లతో చేసుకున్న వర్తక ఒప్పందంలో మచిలీపట్నం రేవు వాడుకునే హక్కు మాత్రం దక్కింది. సూర్యాపేటకూ కోదాడకూ నడుమ ఉన్న మునగాల పరగణా చుట్టూరా నిజాం ఇలాకా ఉన్నా, తాను మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీలో, కృష్ణా జిల్లా కింద ఉండేది. అంటే మన హైవే మీది ఊళ్లే కొన్ని కోస్తా జిల్లా కచేరీ కింద నడిచాయి. చీరాలలో నేసి అరబ్బు దేశాల దాకా పంపిన తేలియా రుమాళ్ల నేత మన పాత నల్లగొండ జిల్లా పుట్టపాకలో ఇప్పటికీ బతికి ఉంది. వీటన్నిటికన్నా పెద్ద చుట్టరికం నీళ్లది. వాడపల్లి దగ్గర మూసీని కలుపుకొని కిందికి పోయే కృష్ణే కోస్తా డెల్టాకు ప్రాణం.

మిర్యాలగూడ నుంచి చీరాలకు పోయేవాళ్లు ఆ వాడపల్లి దగ్గరే వంతెన దాటుతారు. దాచేపల్లి, పిడుగురాళ్ల, నర్సరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు. మొదట సున్నపురాయి నేల, తర్వాత నల్లరేగడి, మిర్చి, పత్తి, పొగాకు. పర్చూరు దాటాక చీరాల చేరేలోపు రోడ్డు మీదే కారంచేడు వస్తుంది. బస్సు అక్కడ ఆగదు. పిల్లలు పాటలు పాడుతుంటారు. పక్కన కూర్చున్న సారు కూడా చెప్పడు. ఊరు వెనక్కి పోతుంది.

చీరాల దాటినంక నేల రంగు మారుతుంది. ఇసుక, తాటిచెట్లు, సరుగుడు తోటలు, జీడిమామిడి. ఈ ఇసుక నేలలో ఒక వింత ఉంది. సముద్రం కనుచూపు మేరలోనే ఉన్నా, మనిషి లోతు గుంట తవ్వితే తియ్యటి నీళ్లు ఊరుతాయి. వీటిని దొరువులంటారు. ఇసుకలో ఇంకిన వాననీరు ఉప్పునీటికన్నా తేలిక కాబట్టి దాని మీద తేలి నిలుస్తుంది. రైతులు, కూలీలు కుండలతో ముంచి మొక్కమొక్కకూ పోసి కూరగాయలు పండించిన పద్ధతి ఇది. అత్యాశకు పోయి ఎక్కువ తోడితే కింది ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. ఎంత కావాలో అంతే తీసుకో అనేది ఈ నేల పెట్టిన షరతు. 1990ల్లో తీరమంతా రొయ్యల చెరువులు తవ్వినవాళ్లు ఆ షరతు లెక్కచేయలేదు. ఉప్పునీరు తెచ్చి పొలాల నడుమ నిలబెట్టారు. తాగే బావులు చెడిపోయాయని తీరప్రాంతపు పేదలు మొత్తుకున్నారు. 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీరం వెంట రొయ్యల పరిశ్రమను కట్టడి చేస్తూ తీర్పిచ్చింది కూడా. ప్రకృతి అందం అని మనం ఫోటో తీసుకునే చోట నీళ్లెవరివి, ఉప్పెవరికి మిగిలింది అనే తగాదా నడిచింది. నీటిని కులం నుంచి విడదీసి చూడలేమని ఈ తీరమే చెబుతోంది.

వాడరేవుకు దక్షిణంగా అదే తీరం మీద మోటుపల్లి ఉంది. ఇప్పుడు చిన్న పల్లె. కాకతీయుల కాలంలో పెద్ద రేవు. 1244లో గణపతిదేవుడు ఇక్కడ అభయశాసనం వేయించాడు. గాలివానకు కొట్టుకొచ్చి ఒడ్డెక్కిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాక్కునేవాళ్లనీ, తాను మాత్రం ముప్పయ్యో వంతు సుంకమే తీసుకుంటాననీ ఓడ వర్తకులకు మాటిచ్చాడు. ఆ శతాబ్దం చివర్లో వచ్చిన మార్కోపోలో ఈ దేశపు సన్నటి బట్టలను మెచ్చుకున్నాడు. ఆ కాకతీయుల సామంతులే, రేచర్ల రెడ్లే, మన సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో గుళ్లు కట్టించారు. చరిత్ర పుస్తకాలు ఈ రెండు చోట్లనూ కలిపి స్వర్ణయుగం అంటాయి. పిల్లలమర్రి శాసనాల్లో గుడి కట్టించినవాళ్ల వంశం ఉంది, రాయి మోసినవాళ్ల పేర్లు లేవు. మోటుపల్లి శాసనంలో సరుకుల జాబితా ఉంది, ఆ సరుకు తయారుచేసిన చేతుల ఊసు లేదు. ఆ శాసనం వర్తకుడికి అభయమిచ్చింది. వెలివాడకు అభయమిచ్చిన శాసనం మనకు ఒక్కటీ కనిపించదు.

ఇప్పుడు చీరాలకొద్దాం. ఈ పట్నం పేరు పాఠ్యపుస్తకంలో ఉంది. చీరాల-పేరాల ఉద్యమం అని మనమంతా పరీక్షల్లో రాసినవాళ్లమే. 1919లో మద్రాసు ప్రభుత్వం ఈ రెండు ఊళ్లను కలిపి మున్సిపాలిటీ చేసింది. పన్నులు ఎన్నో రెట్లు పెరిగాయి. నేతగాళ్లు, చిన్న రైతులు మాకొద్దు మొర్రో అన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకుడయ్యాడు. 1921 ఏప్రిల్‌లో గాంధీ వచ్చిపోయాక జనం ఊరు ఖాళీ చేశారు. 15 వేల పైచిలుకు జనాభాలో 13 వేల మందికి పైగా ఊరి బయట పాకలు వేసుకున్నారు. ఆ చోటికి రామనగరం అని పేరు పెట్టి, ఎండకూ వానకూ ఓర్చి దాదాపు 11 నెలలున్నారు. గోపాలకృష్ణయ్యను జైలుకు పంపారు. చివరికి జనం తిరిగి ఇళ్లకు చేరారు. ఇది చిన్న విషయం కాదు. సర్కారు మీద ఊరికి ఊరే అలిగి లేచిపోయిన ఆ తెగువను మేం తక్కువ చేయడం లేదు.

అయితే ఇదే చీరాలకు 64 ఏళ్ల తర్వాత ఇంకో వలస జరిగింది. మొదటిది పట్నంలోంచి బయటికి. రెండోది పల్లెలోంచి పట్నంలోకి. మొదటివాళ్లు పన్ను కట్టమని లేచారు. రెండోవాళ్లు ప్రాణం దక్కించుకోవడానికి పరుగెత్తారు.

కారంచేడు మాదిగపల్లె జనం మంచినీళ్లు తెచ్చుకునే చెరువు అది. 1985 జూలై 16న ఇద్దరు కమ్మ యువకులు గేదెలకు కుడితి పెట్టి, ఆ బకెట్టు అక్కడే కడిగి నీళ్లు మురికి చేశారు. కాలు సరిగా లేని ఒక మాదిగ యువకుడు ఇదేంటని అడిగాడు. అతని మీదికి చెయ్యి లేచింది. నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త అడ్డం పోయింది. తన మీదికీ వస్తే చేతిలోని బిందె ఎత్తింది. అంతే. ఒక మాదిగ ఆడమనిషి బిందె ఎత్తడాన్ని ఊరి పెత్తందార్లు భరించలేకపోయారు. మర్నాడు, జూలై 17 పొద్దున, వందల మంది గొడ్డళ్లు, బరిసెలు, కర్రలు పట్టుకొని పల్లె మీద పడ్డారు. పొలాల్లోకి, వాములు చాటుకు పారిపోతున్నవాళ్లను తరిమి నరికారు. ఆరుగురు మాదిగలు చనిపోయారు. ఆడవాళ్ల మీద అత్యాచారాలు జరిగాయి. ఈ దాడికి సాక్షిగా నిలబడ్డ దుడ్డు అలీసమ్మను కూడా తర్వాత చంపేశారు. మిగిలిన జనం చీరాలకు పరుగెత్తి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు.

బకెట్టు, బిందె వల్ల ఇంత జరిగిందా అని అడిగేవాళ్లున్నారు. బిందె నెపం మాత్రమే. వెనుక ఉన్నది కృష్ణ నీళ్లు పెంచిన భూమి విలువ. 19వ శతాబ్దం నడుమ బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టాక డెల్టా కాల్వల కింద వ్యవసాయం లాభసాటి అయింది. ఆ మీదట పొగాకు, పత్తి. ఆ మిగులు సినిమాల్లోకి, వ్యాపారాల్లోకి, చివరికి 1983లో రాష్ట్ర ప్రభుత్వంలోకి నడిచింది. కారంచేడు అప్పటి ముఖ్యమంత్రి వియ్యంకుడి ఊరు. అదే కాలంలో మాదిగ పిల్లలు చదువుకుంటున్నారు, కూలి రేటు అడుగుతున్నారు, ఓటు తమకిష్టమైనవాళ్లకు వేస్తున్నారు. సముద్రానికి కూతవేటు దూరంలో దొరువు అందరికీ తియ్యటి నీళ్లిస్తుంటే, ఊళ్లో చెరువు దగ్గర కులం కాపలా కాసింది. అంబేడ్కర్ 1927 మార్చి 20న మహాడ్‌లో చౌదార్ చెరువు నీళ్లు చేత్తో ముంచి తాగాడు. ఆ ఏడాదే మహాడ్‌లో ఆయన చెప్పింది కూడా ఇదే: దాహం కోసమే కాదు, మనుషులమని స్థాపించుకోవడానికి వచ్చాం అని. మహాడ్‌కూ కారంచేడుకూ నడుమ 58 ఏళ్లు గడిచాయి. రాజ్యాంగం వచ్చింది. చెరువు గట్టు మాత్రం కదల్లేదు.

కానీ చీరాల శిబిరం ఏడుపుల శిబిరంగా మిగిలిపోలేదు. రాష్ట్రం నలుమూలల నుంచి విద్యార్థులు, ఉద్యోగులు, రచయితలు అక్కడికి చేరారు. బాధితులు పంపకాలకు చేతులు చాచలేదు. ఆ ఊరికి తిరిగి పోము, చీరాలలోనే ఇళ్లు కావాలని పట్టుబట్టారు. అట్లా వచ్చిందే విజయనగర్ కాలనీ. ఆ ఏడాదే దళిత మహాసభ పుట్టింది. బొజ్జా తారకం అధ్యక్షుడు, కత్తి పద్మారావు ప్రధాన కార్యదర్శి. హరిజనులు అనే మాటను పక్కకు తోసి దళితులు అనే మాట తెలుగు పల్లెల్లోకి నడిచింది ఈ శిబిరం నుంచే. 1989లో వచ్చిన అత్యాచారాల నిరోధక చట్టం వెనుక కారంచేడు లాంటి ఊళ్ల నెత్తురు ఉంది. 1991 ఆగస్టు 6న చుండూరులో మళ్లీ హత్యాకాండ జరిగినప్పుడు అక్కడి దళితులకు కారంచేడే పాఠమైంది. 1994 జూలై 7న, అప్పటికి ఇదే జిల్లాగా ఉన్న ప్రకాశంలోని ఈదుమూడిలో మాదిగ దండోరా మోగింది. దాన్ని మోగించిన మంద కృష్ణది వరంగల్ ప్రాంతం. తెలంగాణ మనిషి, కోస్తా పల్లె. ఆ డప్పు చప్పుడుకు జిల్లా హద్దుల్లేవు.

కోర్టు సంగతి కూడా చెప్పుకోవాలి. సుప్రీంకోర్టు ఆఖరి తీర్పు 2008 డిసెంబర్ 19న వచ్చింది. ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్ల చొప్పున శిక్ష. హత్యాకాండ జరిగి అప్పటికి 23 ఏళ్లు దాటింది. శిబిరంలో తల్లి ఒళ్లో ఉన్న పిల్లలకు పిల్లలు పుట్టేంత కాలం.

ఇదంతా కోస్తావాళ్ల గొడవ, మనది పోరాటాల గడ్డ అని సూర్యాపేటలో, కోదాడలో కొందరంటారు. పోరాటాల గడ్డే. వెట్టికి ఎదురు తిరిగిన నేలే. కానీ నాగార్జునసాగర్ ఎడమ కాల్వ నీళ్లు 1960ల చివర్లో మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు రావడం మొదలయ్యాక కోస్తాలో జరిగిందే ఇక్కడా జరిగింది. భూమి విలువ పెరిగింది. డెల్టా నుంచి రైతులొచ్చి పొలాలు కొన్నారు. రైసుమిల్లులు లేచాయి. నాట్లేసేవాళ్లు, బస్తాలు మోసేవాళ్లు మాత్రం ఎక్కువమంది దళితులే. నీళ్లు కాల్వలో వచ్చినంత సులువుగా సమానత్వం రాలేదు. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో, గర్భవతి అయిన భార్యను ఆసుపత్రికి తీసుకొచ్చిన ప్రణయ్‌ను పట్టపగలు నరికి చంపారు. పెద్ద కులం పిల్లను పెళ్లి చేసుకోవడమే అతని నేరం. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. అక్కడ బిందె, ఇక్కడ తాళి. నెపం మారింది, గొడ్డలి పట్టిన చెయ్యి మారలేదు. కారంచేడు కృష్ణ అవతలే ఉందనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే.

అందుకే మన ఉపాధ్యాయ మిత్రులకూ విద్యార్థి సంఘాలకూ మేం చెప్పేది ఇది. సముద్రానికి పోండి. పిల్లల్ని తీసుకొని పోండి. దొరువు చూపించండి, తియ్యటి నీళ్లు ఎట్లా నిలుస్తున్నాయో చెప్పండి. మోటుపల్లిలో శాసనం ఉన్న గుడి దాకా నడిపించి, అందులో ఎవరున్నారో ఎవరు లేరో వెతకమనండి. చీరాలలో రామనగరం గురించి చెప్పండి, ఆ వెంటనే విజయనగర్ కాలనీకి తీసుకెళ్లండి. అక్కడ కారంచేడు మృతుల స్మారకం, రుధిర క్షేత్రం ఉంది. ఏటా జూలై 17న జనం చేరేది అక్కడే. రెండు వలసలనూ ఒకే పాఠంగా చెప్పండి. పరీక్షలో మొదటిదే వస్తుంది సార్ అని పిల్లలు అంటే, రెండోది ఎందుకు రాదో వాళ్లనే ఒక పేజీ రాయమనండి. తిరిగొచ్చాక ఆ పేజీలను ఊళ్లో పెద్దల ముందు చదివించండి. మన ఊళ్లలో మంచినీళ్ల బావుల దగ్గర ఎవరు ఎటు నిలబడేవాళ్లో చెప్పగలిగిన ముసలివాళ్లు ఇంకా కొందరు బతికే ఉన్నారు. వాళ్ల మాటలు కూడా ఆ పేజీల పక్కనే రాసిపెట్టాలి. ఆ పని సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో మనమే మొదలుపెట్టాలి.