పెద్దపేగు క్యాన్సర్‌లో కణితి మొగ్గలు: ఆధారాలు ఎంతవరకు చెబుతున్నాయి?

పెద్దపేగు క్యాన్సర్ దశను మూడు అంశాలను బట్టి నిర్ణయిస్తారు: కణితి పేగు గోడలో ఎంత లోతుకు దిగింది, శోషరస గ్రంథులకు పాకిందా, దూరపు అవయవాలకు చేరిందా. అయినా ఒకే దశలో ఉన్న రోగులందరికీ ఒకే ఫలితం రాదు. కొందరికి ఆపరేషన్‌తోనే నయమవుతుంది, కొందరికి వ్యాధి తిరగబెడుతుంది. ఈ తేడాను ముందుగా పసిగట్టడానికి పెథాలజిస్టులు చూస్తున్న లక్షణాల్లో కణితి మొగ్గలు ముఖ్యమైనవి. వాటి గురించి ఏది రుజువైంది, ఏది ఇంకా రుజువు కాలేదు అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

మొగ్గ అంటే ఏమిటి?

కణితి లోపలికి చొచ్చుకుపోయే అంచున కొన్ని క్యాన్సర్ కణాలు ప్రధాన కణితి నుంచి విడివడి కనిపిస్తాయి. ఒంటరి కణాన్ని గానీ, నాలుగు కణాలకు మించని గుంపును గానీ మొగ్గగా లెక్కిస్తారు. గ్రంథి ఆకారం లేకుండా ఐదు, అంతకు మించి కణాలున్న గుంపును వేరే లక్షణంగా పరిగణిస్తారు. ఇలాంటి మొలకల గురించి జపాన్‌లో ఇమాయ్ అనే శాస్త్రవేత్త 1950ల్లోనే రాశారు. మొగ్గల్లోని కణాల్లో తోటి కణాలను అంటిపెట్టుకుని ఉంచే ఇ-క్యాడ్‌హెరిన్ ప్రోటీన్ తరచూ తగ్గి ఉంటుంది. విభజన వేగం కూడా తక్కువే. అవి పెరగడం కన్నా కదలడానికి సిద్ధమైన కణాలని అనుకోవడానికి ఇదే ఆధారం.

లెక్కించే పద్ధతి

చాలాకాలం ఒక్కో బృందం ఒక్కో తీరుగా లెక్కించడంతో ఫలితాలను పోల్చడం కష్టమైంది. 2016లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో నిపుణులు సమావేశమై ఉమ్మడి పద్ధతిని కుదిర్చారు. మామూలు హెమటాక్సిలిన్-ఇయోసిన్ రంగు వేసిన స్లైడ్ చాలు. కణితి అంచు వెంట పది క్షేత్రాలను పరిశీలించి, మొగ్గలు అత్యధికంగా ఉన్నచోట 0.785 చదరపు మిల్లీమీటర్ల మేర లెక్కించాలి. 0 నుంచి 4 మొగ్గలుంటే బీడీ1, 5 నుంచి 9 ఉంటే బీడీ2, 10 లేదా అంతకు మించితే బీడీ3.

మైక్రోస్కోపును బట్టి క్షేత్ర విస్తీర్ణం మారుతుంది కనుక సవరణ తప్పనిసరి. ఐపీస్ క్షేత్ర సంఖ్య 22 అయితే, 20 రెట్ల ఆబ్జెక్టివ్‌లో వచ్చిన లెక్కను 1.21తో భాగించాలి. అక్కడ 11 మొగ్గలు కనిపిస్తే సవరించిన లెక్క 9 అవుతుంది. సవరణ మరిస్తే ఆ రోగి బీడీ2 నుంచి బీడీ3కి మారిపోతాడు.

ఆధారాలు

రెండు సందర్భాల్లో ఆధారం బలంగా ఉంది. మొదటిది, సబ్‌మ్యూకోసా పొర వరకే దిగిన పీటీ1 క్యాన్సర్. పాలిప్‌ను కొలనోస్కోపీలో తొలగించాక పేగును కూడా కోసి తీయాలా వద్దా అన్నది అక్కడ ప్రశ్న. మొగ్గలు ఎక్కువైతే శోషరస గ్రంథులకు పాకి ఉండే అవకాశం ఎక్కువని అధ్యయనాలు చూపాయి.

రెండోది, గ్రంథులకు పాకని రెండో దశ. జపాన్‌లో జరిగిన సాకురా ట్రయల్‌లో 991 మంది స్లైడ్లను పరిశీలించి 2019లో ఫలితాలు ప్రకటించారు. ఐదేళ్లపాటు వ్యాధి తిరగబెట్టకుండా బతికినవారు బీడీ1లో 90.9 శాతం, బీడీ2లో 85.1 శాతం, బీడీ3లో 74.4 శాతం.

ఇక్కడే జాగ్రత్త అవసరం. మొగ్గలు ముప్పును సూచిస్తాయనడం వేరు, మొగ్గలున్నవారికి కీమోథెరపీ మేలు చేస్తుందనడం వేరు. అదే ట్రయల్‌లో బీడీ2, బీడీ3 రోగుల్లో మందు తీసుకున్నవారికి వ్యాధి తిరగబెట్టడం కొంత తక్కువే అయినా, ఆ తేడా గణాంకపరంగా నిర్ధారణ కాలేదు.

పరిమితులు

వాపు కణాలు గుమిగూడిన చోట, గ్రంథులు చిట్లిన చోట, మ్యూసిన్ మడుగుల్లో నకిలీ మొగ్గలు కనిపించవచ్చు. సైటోకెరాటిన్ రంగుతో కణాలు స్పష్టమవుతాయి కానీ లెక్క పెరుగుతుంది. పై కొలమానాలు మామూలు రంగుకు నిర్ణయించినవి కాబట్టి ఆ లెక్కను వాటికి నేరుగా వర్తింపజేయకూడదు. ఆపరేషన్‌కు ముందే రేడియేషన్, కీమో పొందిన పురీషనాళ కణితులకూ ఇదే హెచ్చరిక వర్తిస్తుంది. ఇద్దరు పెథాలజిస్టుల లెక్కలు అన్నివేళలా కలవవు.

ముగింపు

అదనపు ఖర్చు లేకుండా ఉన్న స్లైడ్ నుంచే ఇంత విలువైన సమాచారం దొరుకుతున్నప్పుడు దాన్ని వదులుకోవడం సరికాదు. పీటీ1, రెండో దశ క్యాన్సర్ల నివేదికల్లో మొగ్గల సంఖ్య, గ్రేడు రెండూ నమోదు కావాలి. అయితే చికిత్స నిర్ణయం ఆ ఒక్క అంకెపై నిలవకూడదు. రక్తనాళాల్లోకి చొచ్చుకుపోవడం, కణితి లోతు, పరీక్షించిన గ్రంథుల సంఖ్య, రోగి ఆరోగ్యం అన్నీ కలిపి చూడాలి. నివేదికలో బీడీ3 అని కనిపిస్తే బెంబేలెత్తనవసరం లేదు. దాని అర్థమేమిటో, తన విషయంలో అది దేన్ని మారుస్తుందో రోగి తన వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవాలి.