పెరిగిన ఊరు, తరిగిన ఊళ్ళు: కామారెడ్డి, ఎల్లారెడ్డి జనాభా చరిత్ర

జనాభా లెక్కల పుస్తకం సాహిత్య విద్యార్థి చేతికి రావడం అరుదు. అది గుమాస్తాల వ్యవహారమని మన నమ్మకం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు కోసం నిలబడిన ఒక సాయంత్రం ఆ నమ్మకం సడలింది. బస్సు ఎక్కినవారిలో మూడొంతులు ఆడవాళ్ళూ ముసలివాళ్ళే. తాడ్వాయి, లింగంపేట దాటి ఎల్లారెడ్డి చేరేదాకా ఎక్కినవారూ దిగినవారూ వాళ్ళే. ఈ దారిలో వయసు మగవాళ్ళు ఎక్కడికి పోయారన్న ప్రశ్నతో నేను అంకెల దగ్గరికి వెళ్ళాను.

నిజాం కాలపు రికార్డుల్లో ఇవి కామారెడ్డిపేట, ఎల్లారెడ్డిపేట. రెండూ తాలూకా కేంద్రాలే, హోదాలో సమానమే. పేర్లలోని ‘పేట’ రాలిపోయింది. సమానత్వం అంతకుముందే పోయింది. 1900 ప్రాంతంలో హైదరాబాదు నుంచి మన్మాడుకు వేసిన గోదావరి లోయ మీటరుగేజి రైలు కామారెడ్డి మీదుగా సాగింది. ఎల్లారెడ్డికి రైలు రాలేదు. తరువాత జాతీయ రహదారి కూడా కామారెడ్డినే తాకింది. ఒక ఊరికి బెల్లం మార్కెట్టు, కాలేజీలు, ఆసుపత్రులు వచ్చాయి. రెండో ఊరికి అడవీ, చెరువులూ, కచేరీ మిగిలాయి.

ఎల్లారెడ్డి వైపు నీళ్ళు లేవనుకుంటే పొరపాటు. 1922 నాటికే మెదక్ సరిహద్దులో పోచారం ప్రాజెక్టు కట్టారు. మంజీర మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. అయితే నిజాంసాగర్ ఎవరికి ఏమిచ్చిందో విడివిడిగా చూడాలి. లోయలో ఎన్నో గ్రామాలు మునిగాయి. పారిన నీరు దిగువన బాన్సువాడ, బోధన్ వైపు పోయింది. అక్కడికి కోస్తా జిల్లాల రైతులు వచ్చి భూములు కొని ‘క్యాంపులు’ వేసుకున్నారు. ఒకే ఆనకట్ట దిగువన జనాన్ని చేర్చింది, ఎగువన జనాన్ని చెదరగొట్టింది. ఆనకట్టను కీర్తించిన చరిత్రకారులు ఈ రెండో భాగాన్ని ఒక్క వాక్యంలో ముగిస్తారు.

దానికి కాస్త ముందరి అంకె ఒకటి చెప్పి ముందుకు పోతాను. హైదరాబాదు సంస్థానంలో 1911లో 1 కోటి 33 లక్షల మంది ఉంటే 1921లో 1 కోటి 24 లక్షల మందే లెక్కకు వచ్చారు. కరువూ, 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా మింగిన జనం అది. మన కవిత్వంలో ఆ తొమ్మిది లక్షలకు చోటు ఎంత దొరికిందో పాఠకులే వెతకవచ్చు.

ఇక మన కాలానికి వద్దాం. 2001లో కామారెడ్డి పట్టణ జనాభా 64,496. 2011లో 80,315. పదేళ్ళలో దాదాపు 24 శాతం పెరుగుదల. అదే పదేళ్ళలో అప్పటి నిజామాబాదు జిల్లా మొత్తం పెరిగింది 9 శాతం లోపే. పట్టణం ఉబ్బింది కాబట్టి ప్రాంతం బాగుపడిందని పత్రికలు రాశాయి. నా వాదన వేరు. పట్టణానికి చేరినవారిలో చాలామంది చుట్టుపక్కల పల్లెలు వదిలినవారు. అంతకంటే ఎక్కువమంది పల్లె నుంచి నేరుగా బొంబాయికో, హైదరాబాదుకో, 1970ల తరువాత గల్ఫుకో పోయారు. వాళ్ళు పంపిన డబ్బు కామారెడ్డిలో ప్లాటుగా, పిల్లల ప్రైవేటు స్కూలు ఫీజుగా మారింది. మనిషి దుబాయిలో, ఇల్లు కామారెడ్డిలో, తల్లి లింగంపేటలో. ఈ కుటుంబాన్ని ఏ ఊరి జనాభాగా లెక్కించాలి?

సెన్సస్ వారికి దీనికి సూటి జవాబుంది. గణన జరిగే రోజులన్నీ దేశం బయట ఉన్నవాడు లెక్కలో ఉండడు. 2011లో దేశం మొత్తం మీద వెయ్యి మంది పురుషులకు 943 మంది స్త్రీలుంటే, ఇప్పటి కామారెడ్డి జిల్లా పరిధిలో ఆ సంఖ్య 1033. స్త్రీకి ఇక్కడ గౌరవం ఎక్కువని దీన్ని చూపి ఉపన్యసించినవారిని విన్నాను. ఆరేళ్ళ లోపు పిల్లల్లో ఈ ఆధిక్యం కనిపించదు. అంటే పుట్టుకలో లేనిది తరువాత వచ్చింది: మగవాడు వెళ్ళిపోవడం వల్ల వచ్చింది. మిగిలిన స్త్రీ చాట ముందు కూర్చుని తునికాకు కత్తిరించి బీడీలు చుడుతుంది. ఆ 1033 అంకె వెనుక ఉన్నది ఆమె వంగిన నడుం.

2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా కేంద్రమైంది. ఎల్లారెడ్డి రెవెన్యూ డివిజను అయింది, 2018లో మున్సిపాలిటీ కూడా అయింది. ఆ ఏడాదే దేవునిపల్లి, లింగాపూర్, టేక్రియాల్ వంటి గ్రామాలను కామారెడ్డి పట్టణంలో కలిపారు. రైతు తన పొలంలోనే నిలబడి ఉండగా పట్టణవాసి అయ్యాడు. జనాభా పెరుగుదలలో ఇదీ ఒక పద్ధతి. ఆ తరువాత వచ్చిన మాస్టర్ ప్లాను ముసాయిదాలో తమ సాగుభూములు పారిశ్రామిక జోనులో కనిపించేసరికి రైతులు 2023 జనవరిలో రోడ్డెక్కారు. అడ్లూర్ ఎల్లారెడ్డిలో ఒక రైతు ఆత్మహత్య చేసుకున్నాడు. (ఈ ఊరు కామారెడ్డి పక్కది, బస్సు పోయే ఎల్లారెడ్డి కాదు, హైదరాబాదులో కూర్చుని రాసేవారు రెండింటినీ కలిపేస్తారు.) జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది. 2025 ఆగస్టు చివర కురిసిన వానకు పట్టణంలో కొత్తగా లేచిన కాలనీలు నీట మునిగాయి. రూపకల్పనకు మించిన వరద మీదనుంచి పొర్లినా వందేళ్ళ పోచారం కట్ట మాత్రం నిలిచింది. వాగు దారిని ఎరిగి కట్టినవాళ్ళకూ ప్లాటు ధరను ఎరిగి కట్టినవాళ్ళకూ మధ్య ఉన్న తేడాకు ఇంతకన్న సాక్ష్యం నాకు దొరకలేదు.

మన కథ పల్లెను ప్రేమించింది, నగరాన్ని తిట్టింది. ఈ రెండింటి నడుమ ఉన్న కామారెడ్డి వంటి ఊరు మనకు బస్సు మారే చోటుగానే మిగిలింది. గల్ఫు మీద మంచి కథలు వచ్చాయి, కాదనను. వాటిలో ఎక్కువ భాగం వెళ్ళినవాడి కథలు. ప్లాటు కొన్న భార్య, ఆమెకు అమ్మిన దళారి, ఆ నేలను పోగొట్టుకున్న రైతు ఒకే వీధిలో ఎదురుపడే నవల ఏది?

2021లో జరగవలసిన జనగణన జరగలేదు. దాన్ని 2027కు ప్రకటించారు, ఈసారి కులాన్ని కూడా లెక్కిస్తామన్నారు. దేశం అంతటా కులాలవారీ లెక్క చివరిసారి 1931లో జరిగింది. అన్నట్టు, బీసీల లెక్క తీస్తామన్న కాంగ్రెస్ ప్రకటన 2023 నవంబరులో వెలువడింది కామారెడ్డి సభలోనే. రాష్ట్రంలో ఆ సర్వే 2024లో జరిగింది. అంతకుముందు 2014 ఆగస్టు 19న ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే చేశారు. ఆ రోజున లెక్కలో పేరు పోతుందేమోనన్న భయంతో బొంబాయి, భివండీల నుంచి జనం బస్సులకూ రైళ్ళకూ వేలాడుతూ వచ్చారు. రాసుకున్నాక మళ్ళీ అవే బస్సుల్లో తిరిగి వెళ్ళిపోయారు.