నీలి మంట, పసుపు మంట: ఎల్‌పీజీ మండేటప్పుడు ఏం జరుగుతుంది?

వంటింటి సిలిండర్‌లోని ఎల్‌పీజీ ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. రెండూ హైడ్రోకార్బన్లే. అంటే కార్బన్, హైడ్రోజన్ తప్ప వాటిలో మరో మూలకం ఉండదు. ఈ గ్యాస్‌లో కొంత చమురు శుద్ధి కర్మాగారాల్లో తయారవుతుంది. అక్కడ బరువైన హైడ్రోకార్బన్లను వేడి, ఉత్ప్రేరకాల సాయంతో చిన్న అణువులుగా విడగొడతారు. దీన్నే క్రాకింగ్ అంటారు.

పూర్తి దహనం

తగినంత ఆక్సిజన్ అందితే కార్బన్ అంతా కార్బన్ డయాక్సైడ్‌గా, హైడ్రోజన్ నీటి ఆవిరిగా మారతాయి. మంట నీలంగా ఉంటుంది. ఒక లీటరు ప్రొపేన్ వాయువు పూర్తిగా మండాలంటే 5 లీటర్ల ఆక్సిజన్ కావాలి. గాలిలో ఆక్సిజన్ 21 శాతమే కాబట్టి దాదాపు 24 లీటర్ల గాలి అవసరం. బ్యూటేన్‌కైతే సుమారు 31 లీటర్లు. 14.2 కిలోల సిలిండర్ ఖాళీ అయ్యేసరికి సుమారు 43 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. గాలిలోని ఆక్సిజన్ వచ్చి కలవడం వల్లే బరువు మూడు రెట్లవుతుంది.

అసంపూర్ణ దహనం

బర్నర్ రంధ్రాలు పూడుకుపోయినా, గాలి చాలకపోయినా పరిస్థితి మారుతుంది. ఆక్సిజన్ అందని చోట మంట వేడికే అణువులు విచ్ఛిన్నమై మసి రేణువులు ఏర్పడతాయి. అవి కాగి వెలగడం వల్ల మంట పసుపుగా కనిపిస్తుంది. గిన్నె అడుగున పట్టే మసి ఇదే. మరికొంత కార్బన్ ఆక్సీకరణం సగంలోనే ఆగి కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది.

వాసన హెచ్చరించదు

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. దాంతో శరీరానికి ఆక్సిజన్ అందదు. లీకేజీ తెలియడానికి గ్యాస్‌లో ఇథైల్ మెర్‌కాప్టాన్ కలుపుతారు. కానీ గ్యాస్‌తో పాటు అదీ కాలిపోతుంది. అందుకే గ్యాస్ వాసన రాలేదని నిశ్చింతగా ఉండకూడదు.

తలుపులు మూసిన స్నానాలగదిలో గ్యాస్ గీజర్ ప్రాణాంతకమయ్యేది ఈ కారణంగానే. నీలి మంటతోనే మొదలైనా, గదిలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ దహనం అసంపూర్ణమవుతుంది. తలనొప్పి, వికారం, మగత తొలి లక్షణాలు. అవి కనిపిస్తే వెంటనే బయటి గాలిలోకి రావాలి, వైద్య సాయం తీసుకోవాలి. గీజర్‌ను స్నానాలగది బయట, గాలి బాగా ఆడే చోట అమర్చుకోవడమే సురక్షితం.