అమ్ముగూడ స్టేషన్ వచ్చినప్పుడు

మేడ్చల్ నుంచి సికింద్రాబాద్‌కు మా స్కూల్ పిల్లల్ని మ్యాచ్‌లకు రైల్లో తీసుకెళ్తుంటాను. బొల్లారం, అల్వాల్, కావల్రీ బ్యారక్స్ దాటాక అమ్ముగూడ వస్తుంది. "ఇది తులసీదాస్ బలరాం పుట్టిన ఊరు రా" అని చెప్పకుండా ఆ స్టేషన్ దాటను. పీఈటీగా అది కూడా నా పాఠమే.

బలరాం 1956 మెల్‌బోర్న్‌లో, 1960 రోమ్‌లో ఒలింపిక్స్‌లో భారత్ తరఫున ఫుట్‌బాల్ ఆడాడు. రోమ్‌లో హంగేరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒక గోల్ కొట్టాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చిన జట్టులోనూ ఉన్నాడు. కంటోన్మెంట్ పక్కన పెరిగిన పిల్లవాడికి ఫుట్‌బాల్ పరిచయం కావడం వింత కాదు. సరైన గురువు దొరకడమే అదృష్టం.

ఆ గురువు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టుకూ ఆయనే కోచ్. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఆడి, యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు. నాలుగేళ్లకే మెల్‌బోర్న్‌లో అదే రహీం జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది.

ఆయన పెట్టిన రెండు రకాల పోటీలే నాకు అన్నిటికన్నా గొప్పగా తోస్తాయి. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి అందగానే పాస్ ఇచ్చేయాలి. రెండోదాంట్లో వాటం లేని కాలితోనే తన్నాలి.

మా బడికీ పక్క ఊరి బడికీ ఎప్పట్నుంచో పోటీ. ఒకసారి ఆ రెండు జట్లకూ ఎడమకాలి మ్యాచ్ పెట్టాను. మా సెంటర్ ఫార్వర్డ్ గోల్ ముందుకొచ్చి, కుడికాలు లేపబోయి, ఆపుకుని, ఎడమకాలితో తంతే బంతి కార్నర్ జెండా వైపు దొర్లింది. అవతలి పిల్లలు ఈలలు వేశారు. అరగంట గడిచేసరికి ఈలలు ఆగాయి. ఒంటరిగా నెగ్గలేమని తెలిసి, రెండు వైపులా పిల్లలు తలెత్తి తోటివాడి కోసం చూడసాగారు. రహీం సాబ్‌కు కావలసింది అదే.

1963లో రహీం క్యాన్సర్‌తో పోయారు. అదే ఏడు అనారోగ్యం వల్ల బలరాం ఆట మానాడు. అప్పటికి ముప్ఫై ఏళ్లు కూడా లేవు. 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలో కన్నుమూశాడు.

మా ప్రాంతంలో ఇప్పుడు షామీర్‌పేట వైపు నల్సార్, బిట్స్ ఉన్నాయి. మేడ్చల్ రోడ్డు పొడుగునా ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. మంచి మైదానాలున్నాయి, పోటీపడే కుర్రాళ్లున్నారు. ఈ ఇరుగుపొరుగు కాలేజీలు ఏటా ఒక కప్పు ఆడాలి. దానికి బలరాం పేరు పెట్టాలి. ఫైనల్ ముందురోజు రెండు జట్లూ ఎడమకాలి మ్యాచ్ ఒకటి ఆడాలి. రిఫరీగా విజిల్ పట్టుకుని నేనొస్తాను.