హనీమూన్ యాత్రకు ముందు ఆరోగ్య జాగ్రత్తలు

పెళ్లి పనుల హడావిడిలో టికెట్లు, హోటల్ గదులు నెలల ముందే ఖరారవుతాయి. ఆరోగ్యం మాత్రం ప్రయాణం ముందురోజు గాని గుర్తుకు రాదు. నవదంపతులు నాలుగు నుంచి ఆరు వారాల ముందే వైద్యుణ్ణి సంప్రదించడం శ్రేయస్కరం.

ఎత్తైన ప్రాంతాలు: లేహ్ సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. విమానంలో నేరుగా చేరినవారు తొలి 48 గంటలు విశ్రమించాలి. తలనొప్పి, వికారం ఉంటే ఇంకా పైకి వెళ్లరాదు. విశ్రాంతిలోనూ ఆయాసం, నడకలో తూలుడు, అయోమయం కనిపిస్తే తక్షణం దిగువకు తరలించి వైద్యం అందించాలి. ఎసిటజోలమైడ్ మాత్రలను వైద్యుని సలహాతోనే వాడాలి. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి ముందే చెప్పాలి.

విదేశాలు: కెన్యా వంటి దేశాలకు వెళ్లేవారు కనీసం 10 రోజుల ముందు ఎల్లో ఫీవర్ టీకాను గుర్తింపు పొందిన కేంద్రంలో వేయించుకోవాలి. ధ్రువపత్రం లేకుండా తిరిగివస్తే 6 రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. జికా వ్యాపించిన ప్రాంతాల నుంచి వచ్చాక స్త్రీలు 2 నెలలు, పురుషులు 3 నెలలు గర్భధారణ విషయంలో జాగ్రత్త వహించాలి.

మందులు: నిత్యం వాడే మందులను, చీటీతో సహా చేతిసంచిలోనే ఉంచుకోవాలి. గర్భనిరోధక మాత్ర వేసుకున్న కొద్ది గంటల్లో వాంతి అయితే దాని ప్రభావం తగ్గవచ్చు. ఓఆర్ఎస్ పొట్లాలు వెంట ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యం, ఉబ్బసం, మధుమేహం, మూర్ఛ వంటివి ఉంటే జీవిత భాగస్వామికి దాచకుండా చెప్పడం. పరాయి ఊళ్లో స్పృహ తప్పితే, వైద్యునికి వివరం చెప్పగలిగేది పక్కనున్న ఆ ఒక్కరే.