బొమ్మ ఉంది, మాట లేదు

ఆత్రేయపురం చుట్టుపక్కల ఊళ్లలో అటక మీది పెట్టెలు దింపితే 1980లు, 90ల నాటి పెళ్లి క్యాసెట్లు ఇంకా బయటపడుతుంటాయి. కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉండి పెళ్లికి రాలేకపోయిన అన్నదమ్ములకు అప్పట్లో పూతరేకుల పొట్లాలతో పాటు ఈ క్యాసెట్లూ వెళ్లేవి. ఇప్పుడు వాటిని కంప్యూటర్లోకి ఎక్కించబోతే తరచూ ఎదురయ్యే చిక్కు ఒకటుంది: తలంబ్రాలు కనిపిస్తాయి, మంత్రాలు వినిపించవు. ఇందులో వింతేమీ లేదు. వీడియో పుట్టినప్పటి నుంచీ శబ్దం బొమ్మతో కలిసి నడవలేదు, పక్కదారిన వచ్చింది. మాట ఎక్కడ తప్పిపోయిందో తెలియాలంటే ఆ పక్కదారి చరిత్ర తెలియాలి.

జపాన్‌కు చెందిన జేవీసీ 1976లో వీహెచ్‌ఎస్ వీడియో క్యాసెట్‌ను విడుదల చేసింది. అర అంగుళం వెడల్పున్న ఆ టేపు మీద, గిరగిరా తిరిగే డ్రమ్ములోని హెడ్లు బొమ్మను ఏటవాలు గీతలుగా రాస్తాయి. శబ్దాన్ని మాత్రం కదలని మరో హెడ్ టేపు పై అంచున సన్నటి చారలా రాస్తుంది. మన దేశం వాడిన పాల్ టీవీ పద్ధతిలో ఈ టేపు సెకనుకు 23.39 మిల్లీమీటర్లే కదులుతుంది. పాటల క్యాసెట్ వేగం 47.6 మిల్లీమీటర్లు. అంటే వీడియోలోని మాట అందులో సగం వేగంతో, అదీ అంచున రాసింది. ఆ పై అంచు నలిగితే మాట పోతుంది, బొమ్మ దాదాపు క్షేమంగా ఉంటుంది. కోనసీమ తేమకు పట్టిన బూజు ఆ హెడ్‌కు అంటుకున్నా ఇదే ఫలితం. పెద్ద కాలువ నిండుగా పారుతున్నా, బోదె పూడిన చేనుకు నీరందదు కదా.

హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. 1982 ఆసియా క్రీడల నాటికి రంగుల ప్రసారాలు వచ్చాయి. ఆ దశాబ్దంలోనే గల్ఫ్ నుంచి వీడియో డెక్కులు (వీసీఆర్లు) దిగాయి, టీవీ, డెక్కు అద్దెకు తెచ్చి రాత్రంతా సినిమాలు చూడడం మొదలైంది. అప్పుడే ఇంకో రకం మూగతనమూ బయటపడింది. యాంటెనా వైరు ద్వారా టీవీకి కలిపినప్పుడు మన పద్ధతిలో శబ్దం బొమ్మకు 5.5 మెగాహెర్ట్జ్ దూరంలో ఉంటుంది, బ్రిటన్ పద్ధతిలో 6 మెగాహెర్ట్జ్. రెండూ పాల్ పద్ధతులే కాబట్టి, లండన్ నుంచి తెచ్చిన డెక్కును మన టీవీకి అలా కలిపితే బొమ్మ చక్కగా వచ్చేది, మాట బదులు బుస్సుమనే రొద వచ్చేది. బొమ్మకూ శబ్దానికీ వేర్వేరు ఏవీ వైర్లు పెడితే ఆ తిప్పలు తప్పేవి.

1983-84లో వీడియో క్యాసెట్లకు హై-ఫై శబ్దం వచ్చింది. మొదట వీహెచ్‌ఎస్‌కు పోటీ అయిన బీటామాక్స్‌లో, వెంటనే వీహెచ్‌ఎస్‌లో. వీహెచ్‌ఎస్ హై-ఫైలో డ్రమ్ములోని హెడ్లే శబ్దాన్ని టేపు లోపలి పొరలో రాస్తాయి, బొమ్మ దాని మీద పై పొరలో పడుతుంది. అంచున పాత చార కూడా అలాగే ఉంటుంది. పెళ్లి వీడియోల విషయంలో ఇది గుర్తుంచుకోవలసిన సంగతి. మిక్సింగ్ చేసేవారు భోజనాల దగ్గరా, ఊరేగింపు దగ్గరా సినిమా పాటలు వేసేవారు. క్యాసెట్ మీద నేరుగా ఆడియో డబ్బింగ్ చేస్తే చెరిగేది అంచు చార ఒక్కటే. ఆ క్యాసెట్‌ను హై-ఫై యంత్రం మీద తీసి ఉంటే మేళం, మంత్రం, మేనత్తల ఎకసెక్కాలు లోపలి పొరలో ఇంకా ఉంటాయి. హై-ఫై డెక్కు మీద ‘నార్మల్’, ‘హై-ఫై’ మార్చి మార్చి వింటే తేలిపోతుంది. కాపీ తీసిన క్యాసెట్‌లో మాత్రం, కాపీలోకి ఏ శబ్దం ఎక్కిందో అదే మిగులుతుంది.

కంప్యూటర్ వచ్చాకా ఆ ఎడబాటు తీరలేదు. 1990ల నాటి టీవీ కార్డుల్లో పేరుమోసిన బీటీ848 చిప్ బొమ్మను మాత్రమే పట్టేది. శబ్దాన్ని విడి వైరుతో సౌండ్ కార్డు లైన్-ఇన్‌కు కలపాల్సిందే. 1995లో వచ్చిన డీవీ క్యాసెట్‌లో, ఫైర్‌వైర్ తీగలో బొమ్మా మాటా కలిసే ప్రయాణించాయి. కానీ దాన్ని ఏవీఐ ఫైలుగా దాచడానికి రెండు పద్ధతులు ఏర్పడ్డాయి. టైప్-1లో శబ్దం డీవీ ప్రవాహంలోనే కలిసి ఉంటుంది, టైప్-2లో విడిగా మరో ప్రవాహంగా కూడా ఉంటుంది. టైప్-1 ఎరగని సాఫ్ట్‌వేర్‌కు ఆ ఫైలు మూగదిగానే కనిపిస్తుంది. అలాంటి ఫైలును టైప్-2లోకి మారిస్తే చాలు.

ఇప్పుడు చౌకగా దొరికే యూఎస్‌బీ క్యాప్చర్ పరికరాలు చాలావరకు కంప్యూటర్‌కు రెండు పరికరాలుగా కనిపిస్తాయి: ఒకటి బొమ్మది, రెండోది ఆడియోది. రెండోదాన్ని ఎంచుకోకపోతే ల్యాప్‌టాప్ మైకు గదిలోని ఫ్యాను చప్పుడును రికార్డు చేస్తుంది. ఎస్-వీడియో వైరులో బొమ్మ తప్ప శబ్దం రాదు, తెలుపు, ఎరుపు వైర్లు విడిగా పెట్టాలి. 2018లో విండోస్ 10, మ్యాక్ రెండూ మైక్రోఫోన్ అనుమతిని కట్టుదిట్టం చేశాయి. క్యాప్చర్ పరికరం ఆడియోను కూడా అవి మైకు కిందే లెక్కగడతాయి. అనుమతి లేకపోతే వైర్లన్నీ సరిగ్గా ఉన్నా నిశ్శబ్దమే.

అందుకే వెతకడం కూడా శబ్దం నడిచిన వరుసలోనే సాగాలి. ముందు డెక్కును నేరుగా టీవీకి కలిపి వినాలి. అక్కడా మాట లేకపోతే తప్పు క్యాసెట్‌దో, హెడ్‌దో, వైరుదో. మరో క్యాసెట్ పెట్టి చూస్తే తప్పు క్యాసెట్‌దో కాదో తెలుస్తుంది. హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. బూజు పట్టిన క్యాసెట్‌ను శుభ్రం చేయకుండా మంచి డెక్కులో పెట్టకూడదు. టీవీలో మాట వస్తే కంప్యూటర్ వైపు చూడాలి: వైర్లు, ఆడియో పరికరం ఎంపిక, అనుమతి. రికార్డింగ్ మీటరు కదులుతున్నా స్పీకర్లో ఏమీ వినపడకపోతే కంగారు అక్కర్లేదు, చాలా సాఫ్ట్‌వేర్లు రికార్డు చేస్తూ వినిపించవు. ఒక నిమిషం రికార్డు చేసి, విన్నాకే మూడు గంటల క్యాసెట్ మొదలుపెట్టాలి.

ఆస్ట్రేలియా జాతీయ చలనచిత్ర, శబ్ద భాండాగారం 2025ను అయస్కాంత టేపులకు గడువుగా లెక్కగట్టి 2015లోనే హెచ్చరించింది. వీసీఆర్లు తయారుచేస్తూ చివరిదాకా మిగిలిన ఫునై కంపెనీ 2016లో ఆపేసింది. ఇక మిగిలినవి పాత డెక్కులే. కాబట్టి హై-ఫై క్యాసెట్ దొరికితే రెండు శబ్దాలనూ వేర్వేరుగా ఎక్కించుకోవాలి. పని అయిపోయిందని క్యాసెట్‌ను మాత్రం పారేయకూడదు. ఈసారి దొరకని మాట మరో మంచి హెడ్‌కు దొరకవచ్చు.