గాల్లో ఎనిమిది దిద్దిన బెస్సీ

ఇంజన్ గిరగిరా తిరుగుతోంది. ప్రొపెల్లర్ ఒక్కటే కాదు, దానితోపాటు తొమ్మిది సిలిండర్లూ తిరుగుతున్నాయి. అందులో పోసే నూనె ఆముదం. కాలీకాలని ఆ తుంపర వెనక్కి కొట్టి, ఎగిరేవాళ్ల కళ్లద్దాల మీద జిడ్డుగా పేరుకుంటుంది.

అది 1921. ఉత్తర ఫ్రాన్స్‌లో సోమ్ నది సముద్రంలో కలిసేచోట ల క్రోత్వా అనే ఊరు. కోడ్రోన్ సోదరుల ఫ్లయింగ్ స్కూల్లో న్యూపోర్ట్ 82 విమానం. ముందు సీట్లో శిక్షకుడు, వెనక సీట్లో 29 ఏళ్ల నల్లజాతి అమెరికన్ యువతి బెస్సీ కోల్మన్.

పదముగ్గురు పిల్లల్లో పదో సంతానం. టెక్సస్‌లో పత్తి ఏరుతూ పెరిగింది. షికాగోలో ఓ మంగలి షాపులో గోళ్లు దిద్దే పనికి కుదిరింది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన అన్న జాన్, ఫ్రాన్స్‌లో ఆడవాళ్లు విమానాలు నడుపుతారని చెప్పి ఆటపట్టించేవాడు. ఆ మాట ఆమెకు పట్టుదలైంది. కానీ ఆడమనిషి, పైగా నల్లజాతి. అమెరికాలో ఏ స్కూలూ చేర్చుకోలేదు. ఫ్రాన్స్ వెళ్లమని దారి చూపింది ‘షికాగో డిఫెండర్’ పత్రికాధిపతి రాబర్ట్ అబ్బాట్. ఫ్రెంచ్ నేర్చుకుని, 1920 నవంబర్‌లో ఓడెక్కింది.

ఎగిరే ముందు ప్రతిసారీ విమానాన్ని ఆసాంతం తడిమి చూడాలి. కర్ర చట్రం, దాని మీద గుడ్డ, రెక్కల మధ్య బిగించిన తీగలు. ఏది వదులైనా ప్రాణం మీదికొస్తుంది. ఓ తోటి విద్యార్థి విమానం కూలి చనిపోవడం ఆమె కళ్లారా చూసింది. గట్టి దెబ్బే తగిలిందనీ, ధైర్యం మాత్రం చెదరలేదనీ తర్వాత చెప్పుకుంది.

అప్పట్లో లైసెన్సు ఇచ్చేది అంతర్జాతీయ విమానయాన సంస్థ ఎఫ్‌ఏఐ. పరీక్షనాడు ఒంటరిగా ఎగరాలి. 5 కిలోమీటర్ల చుట్టు పూర్తిచేయాలి. పలక మీద దిద్దినట్టు గాల్లో 8 అంకె దిద్దాలి. ఇంజన్ ఆపేసి, చూపించిన చోటికి దగ్గర్లోనే దిగాలి.

వినడానికి తేలికే. కానీ అంత బరువున్న ఇంజన్ తిరుగుతుంటే విమానం చెప్పినట్టు వినదు. ఎడమకు తిప్పితే ముక్కు పైకి లేస్తుంది, కుడికి తిప్పితే కిందికి వాలుతుంది. ఎనిమిదిలో ఒక సున్నా ఎడమకు, ఇంకోటి కుడికి. మొదటి సున్నాలో చేసిన సర్దుబాటే రెండో సున్నాలో చేస్తే విమానం చేయి జారుతుంది. మలుపు మారే ఆ ఒక్క క్షణంలో చేతులూ కాళ్లూ లెక్క మార్చుకోవాలి.

దిగడం మరీ కష్టం. ఇంజన్ ఆగాక ఎత్తు అంచనా తప్పితే మళ్లీ లేవడానికి బలం ఉండదు. బ్రేకులూ లేవు. తోక కింది స్కిడ్ నేలకు రాసుకుంటూ పోయి ఆగాల్సిందే.

బెస్సీ గెలిచింది. పది నెలల కోర్సు ఏడు నెలల్లో ముగించింది. లైసెన్సు మీద తేదీ 1921 జూన్ 15. పుట్టిన ఏడాది మాత్రం 1892కు బదులు 1896 అని ఉంటుంది, ఓ నాలుగేళ్లు తగ్గించుకుంది మరి! అంతర్జాతీయ పైలట్ లైసెన్సు అందుకున్న తొలి నల్లజాతి మహిళ ఆమే. ఆ పరీక్షలో కొలిచింది ఎత్తు, దూరం, దిగిన చోటు. ఒంటి రంగుకు మార్కుల్లేవు.

సొంత గడ్డ మీద లెక్క వేరు. 1925లో తాను పెరిగిన వాక్సహాచీలో విమాన విన్యాసాలకు ఒప్పుకుంది. తెల్లవాళ్లకో గేటు, నల్లవాళ్లకో గేటు పెడతామన్నారు నిర్వాహకులు. అందరికీ ఒకటే గేటు అయితేనే ఎగురుతానంది బెస్సీ. వాళ్లు దిగొచ్చారు. అందరూ ఒకే గేటులోంచి లోపలికొచ్చారు, కూర్చున్నది మాత్రం వేరువేరుగానే. టెక్సస్ పెట్టిన పరీక్షలో ఆమె ఆ రోజు గెలిచింది సగమే. ఆ సగం కూడా, విమానం నడపడం వచ్చు కాబట్టే గెలిచింది.